ఉకమాకా ఏడుపు

పంపు కింద కొమ్ముచెంబు పెట్టి, నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది ఉకమాకా. ఆకుపచ్చా తెలుపూ చారలున్న ప్లాస్టిక్ చెంబు అది. ఆమెది కాదు, వాకిట్లో సూయా, అంటే కారం పూసిన మాంసం చువ్వలు, కాల్చి అమ్మే సానూసిది. నమాజుకి ముందు అతను కాళ్ళూ చేతులూ కడుక్కునేది దాంతోనే. తెల్లారకముందే మాంసం బజారుకి పోతాడు కనక, పంపు ఆగిపోయేలోగా దాన్ని నింపి అతని పొయ్యి పక్కన పెట్టడం ఆమె పని. ఎవరూ చెప్పి చేయించింది కాదు. మొగుడు పోయిన వానాకాలంలో, చూడవచ్చిన చుట్టాలందరికీ ఈ ఉత్తరాది మనిషి అడక్కుండానే మాంసం కాల్చి పెట్టాడు. అప్పట్నుంచీ అలా జరిగిపోతోంది.

ఉకమాకాది పొడుగాటి ఒళ్ళు, ముందుకి వంగిన భుజాలు, ఎండకి వాడిన బుగ్గలు. బజార్లో ఎదురైతే ఎవరూ తిరిగి చూడరు. కానీ అసాబాలో తీసే సినిమాల్లో కొడుకు పోయిన తల్లి కావాలంటే ఉకమాకాకే కబురొచ్చేది. ముందు రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంటుంది. తర్వాత కుడిచేత్తో తొడ మీద కొట్టుకుంటుంది. గొంతు పైకి లేచి లేచి చటుక్కున తెగిపోయి, ఊపిరందక చిన్న కీచు వస్తుంది. ఆ కీచుకి లైట్లు పట్టుకున్నవాళ్ళు కూడా ముక్కులు చీదేవాళ్ళు. మొగుడి సమాధి దగ్గర ఏడ్చిన ఏడుపే అది. ఆ రోజు అక్కడికొచ్చిన సినిమా మేనేజరొకడు చూసి, దినాలు కాగానే పిలిపించాడు. కడుపున ఒక్క కాయా కాయలేదు గానీ, జూనియర్ ఆర్టిస్టుగా ఎంతమంది కొడుకుల్ని పోగొట్టుకుందో ఆమెకే తెలీదు. తన కోసం ఏడవడం మాత్రం ఎప్పుడో మానేసింది. ఇంట్లో కన్నీళ్ళొస్తే డ్యూటీలో ఉన్నట్టుండేది.

చెంబు తీసుకెళ్ళి పొయ్యి పక్కన పెడుతుంటే పక్కింటి న్కీరు ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

“అక్కా, నీకు కొడుకున్నాడని నాకెప్పుడూ చెప్పలేదేంటే?”

ఫోనులో ఉకమాకా ఉంది. తగలబడ్డ ఇళ్ళ ముందు మోకాళ్ళ మీద కూలబడి ఉంది. “ఉత్తరాది వాళ్ళు నా కొడుకుని నరికేశారు! ఈ ఊళ్ళో మగాళ్ళే లేరా?” అంటోంది. ఆ మాట ఉకమాకా జన్మలో అనలేదు. ఆ ఊరు ఆమె చూడనేలేదు. కానీ నెత్తిన చేతులు తనవే. తొడ మీద దెబ్బ తనదే. కీచు కూడా తనదే.

అప్పుడు గుర్తొచ్చింది. పోయిన ఎండాకాలం సినిమాలు తీసే ఒసెలోకా తనని అద్దాల గదిలో నిలబెట్టి, చుట్టూ కెమెరాలు పెట్టి, పొద్దుగూకేదాకా ఏడిపించుకున్నాడు. “కంప్యూటర్లో దాచుకుంటాం, ఇక నువ్వు ఎండలో నిలబడక్కర్లేదు” అన్నాడు. పోనీలే, నీడపట్టున పని అనుకుంది పిచ్చిది.

అప్పటికే రోడ్డు మీద కుర్రాళ్ళు గుంపుగా చేరి, ఫోన్లలోకీ సానూసి పొయ్యి వైపుకీ చూస్తున్నారు. ఆ వీధి మొత్తానికి ఉత్తరాది మనిషి అతనొక్కడే. అంతలో మాంసం గంప నెత్తిన పెట్టుకుని సానూసి రానే వచ్చాడు. గడ్డం గోక్కుంటూ నవ్వాడు.

“ఏం అక్కా, నీ కొడుకుని నేనే చంపానంట కదా? పుట్టినప్పుడన్నా ఒక మాట చెప్పాల్సింది, బారసాలకి వచ్చేవాణ్ణి.”

“నోర్ముయ్! ఇవాళ నిప్పు రాజెయ్యకు. లోపల గడియ పెట్టుకుని కూర్చో. నేను పోయి సంగతి తేల్చుకొస్తా.”

“మాంసం పాడైపోద్ది.”

“పాడైతే కుక్కలు తింటాయి. నేనొచ్చేదాకా బయటికి రావద్దంతే.”

నవ్వుతూనే పొయ్యి వెనకున్న తన గదిలోకి పోయాడు గానీ, గడియ పెట్టిన చప్పుడు గట్టిగానే వినిపించింది.

చెప్పులు చేతపట్టుకుని పరుగున పోయి ఆటో ఎక్కింది. ఆటో అతను అద్దంలో చూసి గుర్తుపట్టి, “ఓర్చుకో తల్లీ, మేమంతా ఉన్నాం” అన్నాడు. “అది నేను కాదు నాయనా” అంటే, అర్థమైందన్నట్టు తలూపి వేగం పెంచాడు. ఆ ఓదార్పుకి ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

ఒసెలోకా చల్లటి గదిలో నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు.

“అమ్మా, ఆ ముఖాలన్నీ ఒక కంపెనీకి ఇచ్చేశాం. వాళ్ళు ఎవరికిచ్చారో దేవుడికెరుక. కళ్ళకి పెద్ద అద్దాలు తొడుక్కుని ఆడే కంప్యూటరు ఆటలో కూడా ఉన్నావట, తెలుసా? కాలిపోయిన ఊళ్ళో, బావి పక్కన. ఎవడు దగ్గరికొచ్చినా వాణ్ణి చూసి ఏడుస్తావట. దేశదేశాల్లో స్టారువి!”

“నువ్వొచ్చి మా వీధిలో చెప్పు. ఇది కంప్యూటరు చేసిందని, నేను కాదని.”

“నేనొచ్చి ఇరుక్కోనా? ఒప్పుకునే కదమ్మా ఏడ్చావు?”

“సినిమాకని ఏడ్చాను. మనిషిని చంపించడానికి ఏడవలేదు.”

అతను కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. లేవలేదు.

పోలీసు స్టేషన్లో లావుపాటి ఇన్‌స్పెక్టరు అంతా విని, “ఏం పోయిందంటావు?” అన్నాడు.

“నా ఏడుపు.”

“ఇప్పుడు ఏడవలేవా?”

“ఏడవగలను.”

“మరి పోయిందంటావేం?” పక్కనున్న కానిస్టేబుల్ పకపకా నవ్వాడు. ఇన్‌స్పెక్టరు మాత్రం నవ్వలేదు. “ఇలాంటివాటికి రాజధానిలో, అబూజాలో, చట్టం రాస్తున్నారట తల్లీ. అది వచ్చాక రా. అప్పుడు నేనే కేసు కడతా.”

“ఈలోపు మా వీధికి ఒక మనిషినన్నా పంపు బాబూ.”

“జీపు రాగానే పంపుతా.” ఆ జీపు ఎప్పుడొస్తుందో ఆయనకీ తెలిసినట్టు లేదు. ఇక లాభం లేదని ఆమె బయటపడింది.

తిరిగొచ్చేసరికి ఎండ వాలింది. వాకిలి నిండా జనం. కొందరి చేతుల్లో కర్రలున్నాయి. ముందు నిలబడ్డది మంగలి షాపు ఓబుంనేమె. చిన్నప్పుడు ఆమె చేతి అకారాలు, అదే బొబ్బర్ల వడలు, తిని పెరిగినవాడే.

ఉకమాకా గుంపుని తోసుకుంటూ వెళ్ళి సానూసి మాంసం అమ్మే బల్ల ఎక్కింది. ఏడవకూడదు, ఏం జరిగినా ఏడవకూడదని దారంతా తనకి తనే చెప్పుకుంటూ వచ్చింది.

“ఒరేయ్, వినండి! అది నేను కాదు. మిషను చేసిన బొమ్మ. నాకసలు కొడుకే లేడురా!”



“విన్నారా?” అన్నాడు ఓబుంనేమె. అతని కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి. “కన్నతల్లి చేత కొడుకే లేడనిపించారంటే, ఎంత బెదిరించి ఉండాలి!”

“బెదిరింపూ లేదు, నీ మొహమూ లేదు! నేను నిజం చెప్తున్నా.”

“నువ్వు నటిస్తే మాకు తెలీదా పిన్నీ?” అన్నారెవరో వెనకనుంచి, జాలిగా.

అప్పుడు చూసింది సానూసి గది వైపు. తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల చాప లేదు, పెట్టె లేదు. ఎంత వెతికినా మనిషి దొరకలేదని ఎవరో విసుక్కుంటున్నారు. న్కీరు బల్ల పక్కకి జరిగి, చెవిలో గొణిగింది.

“మధ్యాహ్నం నమాజు వేళ కాకముందే వెనక గోడ దూకి పోయాడక్కా. నీతో ఒక్కమాట చెప్పమన్నాడు. అక్కని ఏడవొద్దను, ఏడిస్తే నమ్మేస్తారు అని.”

ఉకమాకా పెదవి కొరుక్కుంది. పళ్ళు దిగేలా కొరుక్కుంది. ఇన్నేళ్ళు తన వాకిట్లో బతికిన మనిషి దొంగలా గోడ దూకాడు. అదీ తన ముఖానికి భయపడి. ఇక ఆపుకోలేకపోయింది. రెండు చేతులూ వాటంతట అవే నెత్తి మీదకి పోయాయి. కుడిచెయ్యి తొడ మీద పడింది. గొంతు లేచింది, తెగింది. మొగుడి సమాధి దగ్గర ఏడ్చిన తర్వాత మళ్ళీ ఇన్నాళ్ళకి, సొంతానికి ఏడ్చింది. ఆ కీచు వీధి చివరిదాకా వినిపించింది.

ఫోన్లన్నీ పైకి లేచాయి.

“అదే ఏడుపు! అచ్చు అదే! బొమ్మంట బొమ్మ!”

“బస్టాండు!” అని అరిచాడు ఓబుంనేమె. “ఉత్తరాది బస్సు రాత్రికి గానీ లేదు, ఇంకా ఎక్కి ఉండడు, పదండి!”

“వద్దురా! మీ కాళ్ళు పట్టుకుంటా, వద్దురా!” అంటూ ఆమె బల్ల దిగి పరిగెత్తింది. మోటారుసైకిళ్ళు ఒక్కొక్కటే రోడ్డెక్కాయి. పొగలోంచి ఎవడో వెనక్కి తిరిగి, “నువ్వు ఏడవకు పిన్నీ, మేం చూసుకుంటాం” అన్నాడు.

వాకిలి ఖాళీ అయింది. రాజెయ్యని పొయ్యి పక్కన చారల కొమ్ముచెంబు ఉంది, పొద్దున ఆమె నింపిన నీళ్ళతో, అంచుదాకా.