వంతెన పాటలో ఆ గొంతు

ఆ రోజు అతను చేయాల్సిన పనులు చాలానే ఉన్నాయి. కుళాయి ఆగిపోకముందే నీళ్లు పట్టాలి. బావకు మాత్రలు ఇవ్వాలి, నిజంగా మింగాడో లేదో నోరు తెరిపించి చూడాలి. టిఫిన్ డబ్బా సర్దుకోవాలి. వేలాడుతున్న చొక్కా బొత్తాం కుట్టుకోవాలి. ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టు ముగించాలి. వచ్చేదారిలో బట్టల సబ్బు కొనాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, బావకు తెలియకుండా ఆ సినిమా చూసి రావాలి.

సినిమా అంటే కథా సినిమా కాదు. నల్లకోట్ల మీద తీసిన డాక్యుమెంటరీ. ఒకప్పుడు నలుగురు కుర్రాళ్లు నల్లకోట్లు తొడుక్కుని గిటార్లు పట్టుకుని వేదికెక్కితే ఊళ్లకి ఊళ్లే ఊగిపోయేవి. ఆ రాక్ బ్యాండు అసలు పేరు జనం ఎన్నడూ వాడలేదు, నల్లకోట్లనే పిలిచారు. ఇప్పుడు ఇద్దరే మిగిలారు. వాళ్లకీ పళ్లు కట్టించుకునే వయసు.

"ఏరా బావమరిదీ, ఆదివారానికి టికెట్లు తెచ్చావా?" అని బావ మంచం మీద నుంచే అడిగాడు. బావ రిటైరైన వైర్‌మన్. జీవితమంతా స్తంభాలెక్కి దిగినవాడు, ఇప్పుడు మంచం దిగడానికే గోడ పట్టుకుంటున్నాడు.

"చూద్దాంలే బావా."

"నీ 'చూద్దాం' నాకు తెలీదా? పెళ్లి సంబంధాలకీ ఇలాగే చూద్దాం చూద్దాం అంటూ తల నెరిపించుకున్నావు."

అతను నవ్వలేదు. నాలుక ఎత్తమన్నాడు. మాత్ర నాలుక కిందే ఉంది.

ఫ్యాక్టరీలో అతని పని సీసాలు చూడటం. కడిగిన గాజు సీసాలు బెల్టు మీద వరసగా వస్తాయి. వాటి వెనక తెల్లటి దీపపు పలక ఒకటి వెలుగుతుంటుంది. ఆ వెలుగులో ఎక్కడ వెంట్రుకవాసి చీలిక కనబడినా సీసాని తీసి పక్క డబ్బాలో పడేయాలి. ముప్పై ఏళ్లుగా అదే స్టూలు, అదే వెలుగు. తోటివాళ్లు అతన్ని అనుమానప్పక్షి అంటారు. అతను చిల్లర తిరగేసి చూస్తాడు, తాళం వేసి లాగి చూస్తాడు, లాగి చూశానా లేదా అని సగం దారి నుంచి వెనక్కి వస్తాడు. చెడ్డవాడు కాదు. దేన్నయినా వెలుగుకి పట్టి చూడకుండా ఒప్పుకోలేడు, అంతే.

ఈ సినిమా మీద అతనికి అనుమానం పుట్టించింది వాల్‌పోస్టరు. "ఇంతవరకూ ఎవరికీ తెలియని నిజాలు" అని దాని మీద ఉంది. ఇన్నేళ్లు ఎవరికీ అక్కర్లేని నిజాలు ఇప్పుడు ఎవరికి కావాల్సివచ్చాయి? నిజం చెప్పేవాడు అంత పెద్ద అక్షరాలు వేయించుకుంటాడా? ఈ ఆలోచనలతోనే ఆ పూట మంచి సీసాలు కూడా పగిలినట్టు కనిపించసాగాయి. పక్క డబ్బా నిండిపోవడం చూసి సూపర్‌వైజరమ్మ వచ్చింది. ఒక సీసా తీసి వెలుగుకి పట్టి, ఇందులో చీలికెక్కడుందో చూపించమంది. అతను చూపించలేకపోయాడు. కళ్లు అలిసిపోయాయేమో, ఇంటికెళ్లి పడుకోమంది. అతను ఇంటికి కాదు, సినిమా హాలుకి వెళ్లాడు.

ఆ బ్యాండంటే అతనికంత పిచ్చి ఉండటానికి కారణం వంతెన పాట. అతను చిన్నవాడిగా ఉన్నప్పుడు నల్లకోట్లు వాళ్ల ఊరి మైదానంలో పాడారు. అమ్మా నాన్నా అప్పటికే లేరు. అక్కే పెంచుతోంది. అక్కకి కొత్తగా పెళ్లయింది. ముగ్గురూ వెళ్లారు. వంతెన పాట సగంలో ఉండగా వాన దంచికొట్టి కరెంటు పోయింది. చిమ్మచీకటి. పాట ఆగిపోయింది. అప్పుడు అతని పక్కన నిలబడ్డ అక్క, ఎవరూ అడక్కుండానే, తర్వాతి వరుస గట్టిగా ఎత్తుకుంది. వెనకే మైదానమంతా అందుకుంది.

ఆ కచేరీ తర్వాత రికార్డుగా వచ్చింది. అందులో వంతెన పాట దగ్గర వాయిద్యాలు ఆగిపోతాయి, వాన చప్పుడు వినిపిస్తుంది, ఒక అమ్మాయి గొంతు ఒంటరిగా పైకి లేస్తుంది, ఆ తర్వాత వేల గొంతులు. రికార్డు వచ్చేనాటికి అక్క లేదు. జ్వరం నాలుగు రోజుల్లో తీసుకుపోయింది. బావ మళ్లీ పెళ్లి చేసుకోలేదు. చిన్నవాడైన బావమరిదిని తన దగ్గరే ఉంచుకున్నాడు. ఇంట్లో అక్కవి చీరలు చిరిగిపోయాయి, ఫొటో రంగు వెలిసిపోయింది, ఆ ఒక్క వరుస మాత్రం మిగిలింది. ఆదివారం సాయంత్రాలు ఇద్దరూ దాన్ని పెట్టుకుని వినేవారు.

ఆ గొంతు గురించి సినిమాలో ఏదైనా తప్పుడు కూత కూస్తే బావ తట్టుకోలేడు. అందుకే ముందుగా తను చూడాలి.

హాలు సగం ఖాళీ. మొదట్లో బాగానే ఉంది. డ్రమ్ములు వాయించేవాడి పాత ఇల్లు, వాళ్ల తగాదాలు, పోయినవాళ్ల ఫొటోలు. ఆ తర్వాత సౌండ్ ఇంజనీరట, బట్టతల ముసలాయన, కుర్చీలో వెనక్కి వాలి నవ్వుతూ మొదలుపెట్టాడు. వాన కచేరీ గురించి అందరూ అడుగుతుంటారని, ఇప్పుడు దాచడం ఎందుకని అన్నాడు. కరెంటు పోయినప్పుడు వాళ్ల టేపు యంత్రం కూడా ఆగిపోయిందట. ఆ చీకట్లో ఏం జరిగిందో ఒక్క ముక్క కూడా రికార్డు కాలేదట. తర్వాత స్టూడియోలో వాన చప్పుడు కలిపి, ప్రకటనలకి పాడే ఒకమ్మాయిని పిలిపించి ఆ వరుస పాడించారట. పేరేమిటని అడిగితే గుర్తులేదన్నాడు. వచ్చింది, పాడింది, వెళ్లిపోయింది.

అతను సినిమా అయిపోకముందే బయటికొచ్చేశాడు. ముసలాడు అబద్ధమాడుతున్నాడు, గొప్ప కోసం. అంత పెద్ద బ్యాండు బ్యాటరీ తెచ్చుకోదా? వీధి మలుపు దాటేదాకా ఆ మాట గట్టిగా పట్టుకున్నాడు. ఆ పైన కాళ్లు నెమ్మదించాయి. కరెంటు పోతే టేపు ఆగుతుంది. చిన్నపిల్లాడికైనా తట్టే సంగతి. కనబడిన ప్రతి సీసానీ శంకించినవాడు దీన్ని ఒక్కసారైనా వెలుగుకి ఎందుకు పట్టలేదు?

ఇంటికొచ్చేసరికి బావ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని కమలాపండు ఒలుస్తున్నాడు.

"సినిమాకెళ్లావు కదూ?"

"ఎవరు చెప్పారు?"

"సబ్బు లేకుండా వచ్చావు. మొహం చూస్తే జేబు కొట్టేసినట్టుంది. ఎలా ఉంది?"

"ఏమీ బాగోలేదు బావా. పాత ఫొటోలే తిప్పితిప్పి చూపించాడు. ఆదివారానికి టికెట్లూ అయిపోయాయి."

"బాగోలేనిదానికి టికెట్లెలా అయిపోయాయిరా?"

అతను చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. వెనక్కి తిరగలేదు.

"టేపు ఆగిపోయిందని చెప్పారా?" అన్నాడు బావ.

అతను తిరిగి చూశాడు. బావ పండు మీదే కళ్లు పెట్టుకుని, తెల్లటి పీచు ఒక్కొక్కటే లాగుతున్నాడు.

"కరెంటు పోతే టేపెలా తిరుగుతుందిరా? నేను వైర్‌మన్‌ని. రికార్డు విన్న రోజే తెలుసు."

"మరి ఇన్నేళ్లూ?"

"అది వింటేనే నువ్వు అన్నం తినేవాడివి. తర్వాత చెబుదామనుకున్నాను. తర్వాత నాకే అలవాటైపోయింది. గొంతు ఎవరిదైతేనేం, అది రాగానే మీ అక్క వచ్చి పక్కన నిలబడేది."

అతనికి కోపం వచ్చింది. ఎవరి మీదో తేలలేదు. ఇన్ని ఆదివారాలూ తన పక్కన కళ్లు మూసుకుని కూర్చున్న మనిషిని కొత్తగా చూశాడు. ఇంకేం దాచాడో.

"అయితే అక్క పాడనేలేదా?"

"పాడకపోవడమేంటి? నీ పక్కనేగా నిలబడింది. కానీ అంత బాగా కాదు. ఆ చోట గొంతు పైకి వెళ్లాలి. మీ అక్క ఎన్నడూ వెళ్లలేదు, కిందే ఆగిపోయేది. చీకట్లో నలుగురు నవ్వారు కూడా. మైదానమంతా అందుకుందే, అది ఆమెని సరిదిద్దడానికి." బావ గొంతు సవరించుకున్నాడు. "ఇదిగో, ఇలా."

బావ పాడాడు. పైకి వెళ్లాల్సిన చోట గొంతు ఎక్కడం మానేసి, మెట్టు తడిమినట్టు తడిమి, కిందే మొండిగా నిలబడిపోయింది. వినసొంపుగా లేదు. వింటుంటే అతనికి తడిసిన చీర కొంగు చెంపకి తగిలినట్టయింది. వెంటనే అనుమానం వచ్చింది. ఇది అక్క తప్పా, ముసలి గొంతు తప్పా? తనకోసం ఇప్పటికిప్పుడు కల్పించాడా? గుర్తు చేసుకోబోతే ఆ స్టూడియో అమ్మాయి గొంతే ముందుకొచ్చింది.

"మళ్లీ పాడు," అన్నాడు.

బావ మళ్లీ పాడాడు. సరిగ్గా అదే చోట ఆగాడు. అడిగిన ప్రతిసారీ అదే చోట ఆగాడు. చివరికి దగ్గొచ్చి, ఇక నావల్ల కాదురా, మిగతాది రేపు అని మంచమెక్కాడు. ఆ పూట మాత్ర నిజంగానే మింగాడు.

పొద్దున బావ లేవలేదు. అతను ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. చెయ్యి పట్టుకుని చూశాడు. మళ్లీ వేలు పెట్టి చూశాడు. ఆ తర్వాత మంచం అంచున కూర్చుని, ఎవరినీ పిలవకుండా, ఆ వరుస ఒకసారి తనలో తను పాడుకున్నాడు. కిందే ఆపాడు.

కిటికీ దగ్గర ఒక గిన్నె బోర్లించి ఉంది. దాని కింద ప్లేటులో అతని వాటా, పీచు మొత్తం తీసేసిన సగం కమలాపండు, తొనలు అంచుల్లో కొద్దిగా ఎండి ఉన్నాయి.

వంతెన పాట మీకెప్పుడైనా వినబడితే, వాన చప్పుడు మధ్య ఆ గొంతు చక్కగా పైకి లేచే చోట, పైకి వెళ్లలేక కిందే ఆగిపోయిన ఒక అమ్మాయిని కూడా తలచుకోండి.