పాట మధ్యలో ఉయ్యాలో

ఉదయ్ భాస్కర్ గిటారు పట్టుకుంటే మా వీధి కుక్కలకు కూడా నిద్రుండేది కాదు. అయినా వాడి మొదటి రెండు క్యాసెట్లను జనం కన్నెత్తి చూడలేదు. తెలుగులో రాక్ ఏమిటి, బుద్ధిగా పెళ్లిళ్లలో పాడుకోండి అని సలహా ఇచ్చిన పెద్దమనుషులకు మాత్రం లోటు లేదు. భీమవరంలో వాడి బావ రొయ్యల మేత వ్యాపారంలోకి రమ్మని పోరు పెడుతున్నాడు. మూడో క్యాసెట్ కూడా పోతే పాట మానేసి బావ దగ్గరికి వెళ్లిపోతానని వాడు నాకు మాటిచ్చాడు, నేను అడక్కపోయినా. నేను వాడి డ్రమ్మర్ని, వెంకట్‌ని.

మూడోది లైవ్ క్యాసెట్. జనం ముందు పాడుతూ అక్కడికక్కడే రికార్డు చేయాలి. కోఠీలో భక్తిపాటల క్యాసెట్లు వేసే బుల్లిబాబు గారు ఏ కళనున్నారో, సరేనన్నారు.

తొంభై ఎనిమిది, దసరా రోజులు. మాదాపూర్ బండల మధ్య అద్దాల మేడలు లేస్తున్న కాలం. కొత్తగూడ వైపు ఖాళీ జాగాలో స్టేజీ కట్టాం. ముందు కుర్చీల్లో కంప్యూటర్ కుర్రాళ్లు కూర్చున్నారు. వెనక బండల మీద పక్క బిల్డింగులో పనిచేసే పాలమూరు కూలీలు చేరారు. పని తొందరలో ఉందని మేస్త్రీ వాళ్లను పండక్కి ఊరికి పంపలేదట. ఆడవాళ్లు దొరికిన తంగేడు పువ్వుతోనే బతుకమ్మను పేర్చి, ఇసుక కుప్పల పక్కన ఆడుకుంటున్నారు. మా మోతకు ఆట ఆపి వచ్చారు.

హోరు పాటలు గట్టెక్కాయి. తర్వాత వాడు ప్రాణం పెట్టి రాసుకున్న నెమ్మది పాట. ప్రతి పాదం చివరా గిటారు కోసం కాస్త ఖాళీ ఉంచుకున్నాడు.

"దారి తెలియని ఊళ్లో దీపమెవరు..."

గిటారు మోగేలోపే బండల మీంచి చప్పట్లతో సహా వచ్చింది.

"ఉయ్యాలో..."

బతుకమ్మ దగ్గర ఒకరు పాదం పాడితే, తక్కినవాళ్లు చివర ఉయ్యాలో అనాలి. పుట్టినప్పటి నుంచీ అదే అలవాటు. పాదం చివర ఖాళీ కనిపిస్తే వాళ్ల నోరు ఊరుకోదు. రికార్డింగ్ గంగపాలు, వీడు భీమవరం పాలు అనుకున్నాను. రెండో పాదానికీ అదే వరస. ముందున్న కుర్రాళ్లు కిసుక్కున నవ్వారు.

మూడో పాదం పాడి వాడు గిటారు మీంచి చెయ్యి తీసేశాడు. తీసేసి, వాళ్ల కోసం ఎదురుచూశాడు.

ఈసారి వాళ్లంతా కలిసి, తమ తీరులో, తమ నిదానంతో అన్నారు. నేను డ్రమ్స్ ఆపేశాను. వంగి లేస్తూ వాళ్లు కొట్టే ఆ చప్పట్లే మాకు తాళమయ్యాయి. నవ్విన కుర్రాళ్లు ఒక్కొక్కరే లేచి నిలబడి వాళ్లతో గొంతు కలిపారు. కరెంటు తీగల్లోంచి ఎంత హోరు తీయవచ్చో నాకు తెలుసు. ఇంతమంది మనుషుల గొంతు ఇంత మెత్తగా వచ్చి మీద పడుతుందని మాత్రం తెలియదు. ఏడ్చాను కూడా, దాచుకోవడం దేనికి.

టేపు విని బుల్లిబాబు గారు పాట బాగుందన్నారు, ఆ ఆడకూలీల గోల మాత్రం తీసేయమన్నారు.

"ఆ గోల తీస్తే అందులో నేనూ ఉండనండి," అన్నాడు ఉదయ్ భాస్కర్.

క్యాసెట్ అలాగే వచ్చింది. ఆటోల్లో అదే, ఆఫీసు క్యాంటీన్లలో అదే. భక్తిపాటలు పక్కనపెట్టి బుల్లిబాబు గారు మాదే మళ్లీ మళ్లీ వేయించారు. వీడు మాత్రం ముఖం వేలాడేసుకుని తిరిగాడు.

"అమ్ముడుపోయింది నేనా, వాళ్లా? వాళ్లే అయితే నేనెందుకురా పాడటం?"

వాళ్లనే అడుగుదామని వెతికాడు. బిల్డింగు పూర్తయింది, కూలీలు ఎటో వెళ్లిపోయారు. బావకు వస్తున్నానని ఫోన్ చేసేశాడు.

ఆ వారంలోనే మియాపూర్‌లో ఒక చాయ్ బండి దగ్గర ఆగాం. కొమురమ్మ అనే ఆవిడ చాయ్ కాస్తోంది, పక్కన టేప్ రికార్డర్‌లో మా క్యాసెట్ మోగుతోంది. మేమెవరమో ఆవిడకు తెలియదు. నా నోరు ఊరుకోక, క్యాసెట్ ఎలా ఉందని అడిగాను.

"బతుకమ్మ క్యాసెట్ మంచిగున్నది," అంది. "గని నడుమల ఎవరో మొగాయన జొరబడ్డడు. ఆడోళ్ల పాటల ఆయనకేం పని?"

నేను నవ్వు ఆపుకోలేక చాయ్ ఒలకబోసుకున్నాను. వాడు నవ్వలేదు.

"అయితే ఆయన్ని మానేయమందామా అమ్మా?" అని అడిగాడు. నిజంగానే అడిగాడు.

కొమురమ్మ గరిటె ఆపి కాసేపు పాట విన్నది.

"వద్దు బిడ్డా. ఆయన అందిస్తెనే గద వీళ్లు అందుకునేది. పాడమను. జర నిమ్మలంగ పాడమను."

అలాగేనమ్మా అన్నాడు ఉదయ్ భాస్కర్. మైకు లేకపోయినా మైదానం దద్దరిల్లేలా అరవగలిగినవాడు ఆ ఒక్క మాటా నిమ్మలంగా అని, బావకు రావడం లేదని చెప్పడానికి ఫోన్ బూత్ వైపు నడిచాడు.