ఇరవై ముఖాల పాచిక

జనంతో కిక్కిరిసిన లిఫ్టు ఆగాల్సిన చోట ఆగలేదు. జారుకుంటూ వెళ్లి అడుగునున్న స్ప్రింగుల మీద కూలబడింది. అందరూ బతికి బయటపడ్డారు గానీ, నాలుగో అంతస్తు టైలరమ్మ కుడిచెయ్యి విరిగింది. కత్తెర పట్టే చెయ్యి.

కబురు వినగానే లిఫ్టు మెకానిక్ చెయ్యి తనంతట తానే చొక్కా జేబు మీదికి పోయింది. జేబులో పాచిక ఉంది. ఇరవై ముఖాల పాచిక. తల నెరుస్తున్న మనిషి జేబులో ఉండాల్సిన వస్తువు కాదు.

అతను ఆడేది రోల్‌ప్లేయింగ్ గేమ్. నలుగురు కూర్చుని ఆడేది. ఒకరు కథ నడిపితే మిగతావాళ్లు అందులో మనుషులవుతారు. అతనికి ఆ నలుగురూ లేరు. ఎవరినైనా పిలుద్దామంటే నోరు రాలేదు. అందుకని రాజూ తానే, దొంగా తానే, దొంగను తరిమే కుక్కలూ తానే. తర్వాతేం జరగాలో తోచనప్పుడు పాచికను అడుగుతాడు. తలుపు వెనక కాపలా ఉందా? పెద్ద అంకె పడితే ఉన్నట్టు, చిన్నది పడితే లేనట్టు. భార్యకు మాత్రం మోటారు లెక్కలు వేసుకుంటున్నానని చెప్పాడు.

కిందటి వారం ఆ భవనానికి తనిఖీకి వెళ్లింది అతనూ, అతని దగ్గరే పని నేర్చుకున్న బావమరిదీ. బావమరిది లిఫ్టు గుంతలోకి దిగాడు. మేడ మీది మోటారు గది మెకానిక్ వంతు. బ్రేకు చూడాలంటే లిఫ్టు ఆపాలి, మూత విప్పాలి, మోచేతుల దాకా గ్రీజు పూసుకోవాలి. ఇటు చూస్తే, ఆటలో అతను నడిపే దొంగపిల్ల కోటగోడకు వేలాడుతోంది. పనిముట్ల పెట్టె మీద చతికిలబడి, తనలో తాను నవ్వుకుంటూ పాచిక వేశాడు.

"బ్రేకు బాగుందా?"

పదిహేడు పడింది.

"పైనంతా బాగుందిరా!" అని ఫోన్లో చెప్పి, దొంగపిల్లను గోడ దాటించాడు.

ఇప్పుడు కంపెనీ ఇంజినీర్ ఇద్దరినీ ఆఫీసుకు రమ్మన్నాడు. లోపలికి వెళ్లేముందు మెకానిక్ బాత్రూములో దూరి గడియ పెట్టుకుని, అద్దం కింది పలక మీద పాచిక వేశాడు. చెప్పాలా?

మూడు. వద్దంది. హమ్మయ్య అనుకున్నాడు. అద్దంలో తన మొహం తేటపడటం చూసి చప్పున తల దించుకున్నాడు.

"బ్రేకు లైనింగు అరిగిపోయి ఇనుము బయటపడింది," అన్నాడు ఇంజినీర్. "వారంలో అరిగేది కాదిది. పైన చూసిందెవరయ్యా?"

మెకానిక్ చెయ్యి జేబు తడుముకుంది.

"నేనే సార్," అన్నాడు బావమరిది.

"నువ్వా? నీది గుంత పని కదా?"

"బావకి మోకాళ్ల నొప్పులు సార్. ఆ మెట్లన్నీ ఎక్కలేడు. నేనే ఎక్కా."

"అయితే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

ఇంతలో ఫోను మోగితే ఇంజినీర్ కిటికీ వైపు తిరిగాడు. బావమరిది చెవిలో గొణిగాడు. "నువ్వు గమ్మునుండు బావా. కంటికి ఆనలేదంతేగా? ఈ వయసులో ఇంకోచోట నీకు పనెవరిస్తారు? నేనెక్కడైనా చూసుకుంటా. అక్కకి మాత్రం చెప్పకు."

కంటికి ఆనలేదట. బావ చూశాడనే వాడి నమ్మకం. తిట్టినా బాగుండేది.

"వీడు కాదు సార్." మెకానిక్ గొంతు అతనికే కొత్తగా వినిపించింది. "పైకెక్కింది నేను. ఎక్కి కూడా చూడలేదు."

"చూడకుండా ఏం చేశావ్?"

పాచిక తీసి బల్ల మీద పెట్టాడు. "దీన్ని అడిగా."

ఇంజినీర్ దాన్ని పెన్నుతో అటూ ఇటూ దొర్లించాడు. "ఏంటిది? ఏం ఆట? ఎవరితో ఆడతావ్?"

"ఎవరితోనూ కాదు సార్. ఒక్కణ్నే."

బ్రేకు చూడలేదని ఒప్పుకోవడం కన్నా ఆ ఒక్క ముక్క అనడమే కష్టమైంది. కష్టమైనందుకు మరింత సిగ్గేసింది. అవతల ఒక మనిషి చెయ్యి విరిగి పడుంటే, తనకు నామోషీ ఆట గురించా!

"పనిముట్లు అప్పజెప్పి వెళ్లు," అన్నాడు ఇంజినీర్ చివరికి. "వెళ్లి, ఇప్పుడు నాతో అన్న మాటే ఆ టైలరమ్మతో అను. వీడుంటాడు. అబద్ధమాడినందుకు వీడి సంగతి తర్వాత చూస్తా."

ఇద్దరూ మెట్ల మీదుగా దిగారు. బావమరిది ముందు, మెకానిక్ వెనక. వీధి గుమ్మం దాకా వాడు వెనక్కి తిరగలేదు.

"నీకు చూపు మందగించిందనుకున్నా బావా," అన్నాడు అక్కడ ఆగి. "జాలేసింది. అక్క చేత కళ్లద్దాలు కొనిపిద్దామనుకున్నా."

"ఒరేయ్... మళ్లీ నాతో మాట్లాడతావా?"

బావమరిది బల్ల మీంచి పాచికను ఎప్పుడు తీశాడో మరి, దాన్ని బావ అరచేతిలో పెట్టి వేళ్లు మూశాడు.

"నన్నెందుకు అడగడం? దాన్నే అడుగు."

వాడు రోడ్డు దాటి వెళ్లిపోయాడు. మెకానిక్ పిడికిలి విప్పకుండా టైలరమ్మ ఉన్న ఆసుపత్రి దారి పట్టాడు.