ఒక గురువు, రెండు లఘువులు

“ఏం నొక్కేవు?”

ఆదివారం పొద్దున్న కంప్యూటర్ మొరాయించినప్పుడు శ్రీనివాస్ భార్యను అడిగిన మొదటి మాట అది. యామిని స్విచ్ తప్ప ఏమీ నొక్కలేదు. తెర వెలగలేదు. పెట్టెలోంచి ఒక పొడుగు కూత, వెంటనే రెండు పొట్టి కూతలు వచ్చి ఆగిపోయాయి. పక్కగదిలోంచి అత్తగారు సీతారత్నం, “పొద్దస్తమానం దాని ముందే కూచుంటే అదిమాత్రం ఎన్నాళ్ళు పనిచేస్తుందిరా అబ్బాయ్” అంది.

కొత్తపేటలో ఆ ఇంటి ముందుగదికి ‘శ్రీనివాస్ డి.టి.పి.’ అని బోర్డు ఉంది. టైపు చేసేది యామిని. శుభలేఖలు, కరపత్రాలు, బడుల ప్రశ్నపత్రాలు. శ్రీనివాస్ ఐ.పోలవరంలో రొయ్యల చెరువుల దగ్గర ఉంటాడు. పొద్దున్న వెళ్ళి ఏడింటికి వస్తాడు. పనిమీద వచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడి “శ్రీనివాస్ గారి మిసెస్సాండి?” అంటారు. అత్తగారికి ఆమె ‘అమ్మాయి’. మొగుడికి ‘ఏమే’.

ఆమె తెలుగు పండిట్ ట్రైనింగ్ చేసింది. పెళ్ళయ్యాక ఉద్యోగానికి పంపలేదు. కూతలు వినగానే అలవాటు కొద్దీ చీటీ మీద U I I అని రాసుకుంది. U గురువు, I లఘువు. భ గణం. ట్రైనింగులో మాస్టారు అందరిచేతా వాళ్ళ వాళ్ళ పేర్లకి గణాలు కట్టించారు. ఆమెకి ఏ గణం వచ్చిందో ఆ కంగారులో గుర్తు రాలేదు.

సోమవారం కంపెనీకి ఫోన్ చేస్తే, “వారంటీ కార్డు మీద సార్ పేరుంది మేడమ్. సార్ చేత మాట్లాడించండి” అన్నారు. మర్నాడు చీటీ మొగుడి చేతికిచ్చి ఏదో చెప్పబోయింది. “నాకూ చదవడం వచ్చులే” అని అతను ఫోన్లో, “యు, ఐ, ఐ అని వస్తోందండి. ఆయ్. స్క్రీన్ మీదేనండి” అన్నాడు. “స్క్రీన్ వెలగడం లేదండీ” అని వెనకనుంచి ఆమె అంటే, చెయ్యెత్తి ఆగమన్నాడు. అలాంటి కోడ్ తమ పుస్తకంలో లేదని, వెతికి చెబుతామని కంపెనీవాళ్ళన్నారు. శుక్రవారం దాకా వెతుకుతూనే ఉన్నారు.

“అవి ఇంగ్లీషు అక్షరాలు కావండి, గురులఘువులు. ఏ కూత ఎంతసేపొస్తుందో రాసేను” అని ఆమె రెండుసార్లు చెప్పింది. “చెరువులో రొయ్యలు తేలిపోయి నేను ఏడుస్తుంటే మధ్యలో నీ ఛందస్సేంటే” అన్నాడతను.

ఇవాళ శనివారం. వారంటీకి ఆఖరి రోజు. కంపెనీ ఆఫీసు ఐదున్నరకి మూసేస్తారు. గోడ గడియారంలో ఐదు దాటింది. పొద్దున్న వెళ్తూ శ్రీనివాస్, “బాగుచేయించడం నావల్ల కాదు. ఆ గది మేత బస్తాలకి పనికొస్తుంది. నువ్వూ కాస్త విశ్రాంతి తీసుకుందువుగాని” అన్నాడు. విశ్రాంతి అంటే ఏమిటో ఆమె ఎరుగును. చెరువు మీది మనుషులకి క్యారేజీలు కట్టడం, అత్తగారి మోకాళ్ళకి నూనె రాయడం, అంట్లు, బట్టలు, మళ్ళీ క్యారేజీలు. కంప్యూటర్ రాకముందు ఆరేళ్ళు అదే విశ్రాంతి తీసుకుంది. ఆ ముందుగదిలో మాత్రం హెడ్మాస్టరు గారు ప్రశ్నపత్రం చూపించి “ఇక్కడ అరసున్నా ఉండాలామ్మా?” అని అడుగుతారు. ఆమె చెబుతుంది. ఆయన దిద్దుకుంటారు.

యామిని హాల్లోంచి ఫోన్ ఎత్తుకుని ముందుగది వైపు నడిచింది.

“ఫోనెక్కడికి పట్టుకుపోతున్నావమ్మాయ్? అబ్బాయి వచ్చి చేస్తాడు కదా” అంది సీతారత్నం.

“ఆయన వచ్చేసరికి ఏడవుతుంది అత్తయ్యా.”

తీగ గుమ్మం దాటి కంప్యూటర్ దాకా చాలీచాలకుండా వచ్చింది. ఆమె నేలమీద కూచుని నంబరు కలిపింది.

“సార్ ఉన్నారా మేడమ్?” అన్నాడు కంపెనీ మనిషి.

“లేరండి.”

“సార్ వచ్చేక...”

“సార్ ఎప్పుడూ చెవిపెట్టి వినలేదండి దాన్ని. రోజూ వింటున్నది నేను. ఒక్క నిమిషం, మీరే వినండి.”

రిసీవర్‌ని పెట్టెకి ఆనించి స్విచ్ నొక్కింది. సరిగ్గా అప్పుడే రోడ్డుమీద కొబ్బరికాయల లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది. “ఏం వినపడలేదు మేడమ్” అన్నాడతను. ఐదూ ఇరవై. స్విచ్ కట్టేసి, లారీ చప్పుడు పోయేదాకా ఆగింది. మళ్ళీ నొక్కింది. ఒక పొడుగు. రెండు పొట్టి.

ఈసారి అతను వెంటనే, “డిస్‌ప్లే కార్డు పోయిందండి. ఈ కూతల సంగతి మొదటిరోజే చెప్పుంటే అయిపోయేది కదా మేడమ్” అన్నాడు.

“చెప్పేనండి. మీదాకా రాలేదు.”

“సోమవారం మనిషొచ్చి మారుస్తాడు. కంప్లయింట్ సార్ పేరునే రాసుకోమంటారా?”

గుమ్మంలో సీతారత్నం నిలబడి వింటోంది. యామిని అటు చూడలేదు.

“వద్దండి. పనిచేసే మనిషి పేరు రాసుకోండి.”

“చెప్పండి మేడమ్.”

తరగతిలో పిల్లలచేత రాయిస్తున్నట్టు, మొదటి అక్షరాన్ని సాగదీసి, మిగతా రెండూ పొట్టిగా పలికింది.

“యా... మి, ని.”

వారం రోజులుగా ఆ పెట్టె కూడా అదే అంటోంది.