వెనకద్దం మీద పద్నాలుగు చేపలు

బ్రాండన్ ఊరి చివర, రైలు పట్టాల పక్కనున్న అద్దాల షాపులో వెండెల్ క్రాన్ ముప్ఫై ఒక్క ఏళ్ళుగా కార్ల అద్దాలు తీసి బిగిస్తున్నాడు. ముందద్దం తీయడం అతని దృష్టిలో పెద్ద పని కాదు. పగులు పడినా అది రాలిపోదు, మధ్యలో ఉన్న పొర పట్టుకుని ఉంటుంది. వెనకద్దం అలా కాదు. బండి చట్రానికి దాన్ని నల్లటి జిగురుతో అతికిస్తారు. ఆ జిగురు ఎండి, మందపాటి రబ్బరులా బిగుసుకుపోతుంది. దాన్ని కోసేటప్పుడు అద్దం అంచుకి ఎక్కడైనా చిన్న దెబ్బ తగిలితే చాలు, మొత్తం అద్దం ఒక్క క్షణంలో పటికబెల్లం పలుకుల్లా కుప్పకూలుతుంది. అందుకే చాలా షాపుల్లో పాత వెనకద్దాన్ని తీయరు. పగలగొట్టి, ఊడ్చేసి, కొత్తది పెడతారు. వెండెల్ మాత్రం తీసేవాడు. ఇప్పటిదాకా ఒక్కటి కూడా పగలగొట్టలేదని అతనికి గొప్ప. ఆ గొప్ప అడిగినవాళ్ళకీ చెప్పేవాడు, అడగనివాళ్ళకీ చెప్పేవాడు.

మే నెల మొదటి వారంలో ఆర్డిత్ లోవెన్ అనే ఆవిడ ఫోన్ చేసింది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. ముప్ఫై ఏళ్ళు మూడో తరగతి పిల్లలకి పాఠాలు చెప్పి రిటైరైంది. భర్త మెల్విన్ పోయి మూడేళ్ళయింది. ఆయన కొన్న పాత కారునే ఆవిడ ఇంకా నడుపుతోంది. వెనకద్దం కింద చట్రం తుప్పు పట్టి, వాన పడ్డప్పుడల్లా డిక్కీలోకి నీళ్ళు వస్తున్నాయి. అద్దం తీస్తే తప్ప తుప్పు బాగుచేయడం కుదరదని పక్కనున్న పెయింటు షాపువాళ్ళు చెప్పారట.

"ఆ అద్దం నిండా మా ఆయన అతికించిన స్టికర్లున్నాయి బాబూ," అంది ఆవిడ. "పనిలో పనిగా వాటి సంగతి కూడా చూడు."

"చూస్తానమ్మా. మీరు దిగులు పెట్టుకోకండి."

"తీసేటప్పుడు ఈ అద్దాలు పగిలిపోతాయటగా? పదింటిలో తొమ్మిది పగులుతాయని మా చర్చిలో ఒకాయన చెప్పాడు."

"వేరేవాళ్ళ చేతిలో పగులుతాయేమో. నా చేతిలో పగలవు."

"ఒక్కటీ పగల్లేదా?"

"ఒక్కటీ పగల్లేదమ్మా."

"అలాగా," అని మెల్లగా అని, ఆవిడ ఫోన్ పెట్టేసింది. పాపం, భర్త గుర్తులు భద్రంగా ఉంటాయని ఊరట పడింది అనుకున్నాడు వెండెల్.

మర్నాడు కారు వచ్చింది. వెనకద్దం మీద మొత్తం పద్నాలుగు స్టికర్లు. ఒక్కొక్కటి పళ్ళెమంత ఉంది. ప్రతిదాని మీద నోరు తెరిచిన చేప బొమ్మ, కింద 'బర్చ్ నారోస్ చేపలు పట్టే పోటీ' అన్న అక్షరాలు, ఆ పక్కన సంవత్సరం. 2006 నుంచి 2019 దాకా ఒక్క ఏడాది కూడా వదలకుండా ఉన్నాయి. అన్నీ అద్దం లోపలివైపే అతికించి ఉన్నాయి, ఎండకీ మంచుకీ పాడవకుండా. మంచు కరిగించడానికి అద్దంలో ఉండే సన్నటి వేడి గీతలు సరిగ్గా వాటి కిందనుంచే పోతున్నాయి. ఎవరో ఒక మూల స్టికరు పీకబోయి మానేసినట్టున్నారు. అక్కడ ఒక గీత తెగిపోయి ఉంది.

వెండెల్‌తో కలిసి పనిచేసే నెస్టర్ బాంతుగ్ ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి ఆ ఊళ్ళో పదిహేనేళ్ళుగా ఉంటున్నాడు. నలభై అయిదేళ్ళవాడు, మాటకారి. అతను కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

"పగలగొట్టేద్దాం అన్నా. కొత్తది వారంలో వస్తుంది. పావుగంట పనికి రోజంతా ఎందుకు?"

"ఆవిడ భర్త గుర్తులురా అవి. మాటిచ్చాను."

"నువ్వు మాటిచ్చింది ఆవిడకా, నీ గొప్పకా?"

వెండెల్ అద్దం చుట్టూ ఉన్న ప్లాస్టిక్ పట్టీలు ఊడదీశాడు. వేడి గీతలకి కరెంటు అందించే రెండు కొక్కేలనీ ఊపిరి బిగబట్టి విప్పాడు. జిగురులోకి సూదితో కన్నం పొడిచి, గిటారు తీగలాంటి ఉక్కు తీగని లోపలికి పంపాడు. నెస్టర్ వెనక సీటులో పడుకుని ఒక కొస పట్టుకున్నాడు. రెండో కొస బయట వెండెల్ చేతిలో ఉంది. ఒకరు లాగితే ఒకరు వదలాలి. రంపం కోతలాగా అంగుళం అంగుళం పోవాలి. తీగ వేడెక్కకుండా మధ్యమధ్యలో సబ్బునీళ్ళు చల్లుతూ ఉండాలి.

"ఇటునుంచి చూస్తే అన్నీ తెల్ల కాగితాలే అన్నా," అన్నాడు నెస్టర్ లోపలినుంచి. "ఒక్క చేపా కనపడట్లేదు."

"చేపలు కావాలంటే ఇటొచ్చి లాగు. నేనటు పడుకుంటాను."

"వద్దులే. నా నడుముకి ఇదే నయం. లాగు."

పై అంచు కోయడానికి రెండు గంటలు పట్టింది. పక్క అంచులు ఇంకా మొండికేశాయి. పాత జిగురు మీద ఎవరో ఎప్పుడో మళ్ళీ జిగురు పూసినట్టున్నారు. భోజనాల వేళకి వెండెల్ చేతులు బొబ్బలెక్కాయి. అన్ని గంటలపాటు ముక్కుకి జానెడు దూరంలో ఉన్న చేపల్నే చూస్తూ ఉండటం వల్ల, ఆ సంవత్సరాలు అతనికి వద్దన్నా కంఠతా వచ్చేశాయి. 2014 దగ్గర మాత్రం అతని చేయి ఆగింది.

బర్చ్ నారోస్ పోటీకి వెండెల్ కూడా పదకొండుసార్లు వెళ్ళాడు. 2014లో అడవి తగలబడి, చెరువుకి పోయే దారి మూసేశారు. ఆ ఏడు పోటీ జరగలేదు. పడవని ట్రక్కు వెనక కట్టుకుని సగం దూరం వెళ్ళి, పోలీసులు తిప్పి పంపితే వెనక్కొచ్చిన రోజు అతనికి బాగా గుర్తుంది. స్టికర్లు ముందే అచ్చేశారు కాబట్టి హైవే పక్క పెట్రోలు బంకులో అమ్మారు. ఇంకో సంగతి కూడా అప్పుడే తట్టింది. ఆ పదకొండుసార్లలో ఒక్కసారి కూడా మెల్విన్ లోవెన్ అనే మనిషిని చెరువు దగ్గర చూసిన గుర్తు లేదు.

"నెస్టర్, ఈ పెద్దమనిషి చేపలకి పోలేదురా."

"మరెక్కడికి పోయాడు?"

"నాకేం తెలుసు. ఏడాదికి నాలుగు రోజులు. పద్నాలుగేళ్ళు."

నెస్టర్ సీటులోంచి తల పైకెత్తి చూశాడు. "అన్నా, పోయినవాడి సెలవులతో మనకేం పని? తీగ లాగు."

వెండెల్ తీగ లాగాడు, కానీ మనసు నిలవలేదు. భర్త మీద అంత ప్రేమ పెట్టుకున్న మనిషికి ఈ సంగతి తెలిస్తే ఏమైపోతుంది? ఆ ఒక్క స్టికరూ చింపేద్దామా అనిపించింది. మాట ఇచ్చి చింపడమేమిటని వెంటనే అనిపించింది. చివరికి ఏమీ తెలియనట్టే ఉండాలని నిశ్చయించుకున్నాడు. అలా నిశ్చయించుకున్నందుకు తన మీద తనకే కాస్త గౌరవం కూడా కలిగింది.

సాయంత్రం నాలుగింటికి గాలి పీల్చి పట్టుకునే రెండు రబ్బరు పిడులు అద్దానికి బిగించి ఇద్దరూ కలిసి ఎత్తారు. చిన్న గీత కూడా పడలేదు. వెండెల్ దాన్ని దుప్పటి పరిచిన బల్ల మీద పెట్టి, స్టికర్ల అంచులు ఎక్కడా లేవకుండా చూస్తూ మెత్తటి గుడ్డతో తుడిచాడు. 2014ని కూడా తుడిచాడు.

పెయింటు షాపువాళ్ళు తుప్పు గీకి, అతుకు వేసి, రంగు పూసి మూడు రోజుల్లో కారు తిరిగిచ్చారు. వెండెల్ చట్రానికి జిగురు పట్టే మందు రాసి, చుట్టూ వేలెడు మందాన కొత్త జిగురు పిండాడు. అద్దాన్ని తెచ్చి ఒకేసారి సరిగ్గా కూర్చోబెట్టి, కదలకుండా టేపు అంటించాడు. రెండు గంటల తర్వాత ఆర్డిత్ బస్సు దిగి నడుచుకుంటూ వచ్చింది. చేతిలో గుడ్డ కప్పిన పళ్ళెం, అందులో పుల్లటి రూబార్బ్ కాడలతో చేసిన కేకు.

"చూసుకోండమ్మా," అన్నాడు వెండెల్, కారు వెనక నిలబడి. "ఎలా ఇచ్చారో అలాగే ఉంది. పద్నాలుగుకి పద్నాలుగూ ఉన్నాయి."

ఆర్డిత్ అద్దం వంక చూసింది. తర్వాత వెండెల్ వంక చూసింది. తప్పు లెక్క చేసి పలక ఎత్తి చూపించిన పిల్లవాణ్ణి చూసినట్టు చూసింది.

"పగల్లేదన్నమాట."

"లేదమ్మా."

"స్టికర్ల సంగతి చూడమన్నాను కదా బాబూ."

"చూశాను కదమ్మా. ఒక్క మూల కూడా లేవలేదు."

ఆవిడ పళ్ళెం బల్ల మీద పెట్టి, అక్కడున్న స్టూలు మీద కూర్చుంది. "నేనన్నది వాటిని వదిలించమని. నా మాట నీకు అర్థం కాలేదా, లేక నేనే సరిగ్గా చెప్పలేదా?"

నెస్టర్ కేకు మీది గుడ్డ తీయబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఏళ్ళ తరబడి ఈ కారుకి వెనక ఏముందో నాకు తెలియదు," అంది ఆర్డిత్. "లోపల కూర్చుంటే తెల్ల కాగితాలు తప్ప ఏమీ కనపడవు. ఆయన పోయాక ఒకటి పీకబోయాను. వేడి గీత తెగింది. అద్దం మారిస్తే తప్ప పోవన్నారు. బాగున్న అద్దాన్ని ఎలా పారేయమంటాను? మా అమ్మ గుండీలు ఊడిన చొక్కాని కూడా పారేసేది కాదు. తుప్పు పట్టిందన్నప్పుడు నాకు పండగలా అనిపించింది. ఎలాగూ పగులుతుంది, కొత్తది పెడతారు, ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కర్లేదు అనుకున్నాను. ఊరంతా వెతికి నీలాంటివాడి దగ్గరికొచ్చాను."

"నేను మీకవి గుర్తులు అనుకున్నానమ్మా. పోటీలకి వెళ్ళిన గుర్తులు..."

"ఏం పోటీలు? మెల్విన్‌కి చేప ముట్టుకుంటే చేతులు దద్దుర్లెక్కేవి."

వెండెల్ నెస్టర్ వంక చూశాడు. నెస్టర్ పైకప్పు వంక చూశాడు.

"మీకు తెలుసా?" అన్నాడు వెండెల్.

"మొదటి ఏడే తెలిసింది. డాఫిన్ ఊళ్ళో మోటెల్ నడిపే ఆవిడ ఫోన్ చేసింది, మీవారు పైజమా మర్చిపోయారు అని. నాలుగు రోజులూ గది దాటి బయటికి రాలేదట. టీవీ కూడా పెట్టలేదట. చాలా మర్యాదస్థుడు, ఏ గొడవా లేదు అని మెచ్చుకుంది. పోస్టులో పంపమన్నాను. వచ్చాక ఉతికి బీరువాలో పెట్టాను."

"మీరు అడగలేదా?"

"ఏమని అడగను? ఆయన ఏడాదంతా బీమా పాలసీలు అమ్మేవాడు. పొద్దున లేస్తే మాటలే. నాలుగు రోజులు మాట్లాడకుండా పడుకోవాలనిపించింది. ఆ మాట పెళ్ళానికి చెప్పడానికి నోరు రాక చేపలన్నాడు. వచ్చేటప్పుడు ఏ కొట్లోనో ఫ్రిజ్జులో ఉన్న చేపలు కొనుక్కొచ్చేవాడు, ముళ్ళు తీసి, తోలు ఒలిచి. నువ్వే పట్టావా అనేదాన్ని. నేనే పట్టాను అనేవాడు. వేయించి పెట్టేదాన్ని. నిజం చెప్పొద్దూ, ఆ నాలుగు రోజులు నాకూ హాయిగానే ఉండేది. అడిగితే మానేసేవాడు."

ఆవిడ లేచి వెళ్ళి అద్దం ముందు నిలబడి చేపల్ని ఒక్కొక్కటే చూసింది. "రంగులు బాగానే ఉన్నాయి," అంది. "నాకెప్పుడూ వీపులే కనపడ్డాయి."

వెండెల్ టేపు అంచు వేలితో నొక్కి చూశాడు. "జిగురు ఇంకా ఆరలేదు. పావుగంటలో మళ్ళీ తీసేస్తాను. కొత్తది తెప్పిద్దాం. దీన్ని ఇక్కడ అరలో దాస్తాను, ఇంకెవరికైనా పనికొస్తుంది."

"ఎందుకు? ఇంకొకరి కారులో మా ఆయన అబద్ధాలు తిరగడానికా? డబ్బు నేనే ఇచ్చుకుంటాను, దాన్ని పగలగొట్టు."

"అది నా వల్ల కాదమ్మా."

"నేను కొడతాను," అన్నాడు నెస్టర్.

"నువ్వూ వద్దు. నాకియ్యండి."

అద్దాన్ని మళ్ళీ తీసి, టార్పాలిన్ పరిచిన నేల మీద రెండు కర్ర దుంగల మధ్య నిలబెట్టారు. వెండెల్ ఆవిడ కళ్ళకి రక్షణ అద్దాలు పెట్టాడు. చేతులకి తన తొడుగులే తొడిగాడు. అవి ఆవిడ మోచేతుల దాకా వచ్చాయి. నొక్కితే స్ప్రింగు మొనని పొడిచే చిన్న ఉక్కు పంచ్ చేతికిచ్చి, మూల మీద ఆనించి గట్టిగా నొక్కమన్నాడు. ఆర్డిత్ మూల మీద పెట్టలేదు. 2006 చేప కంటి మీద పెట్టి నొక్కింది. ఇంత చిన్న చప్పుడు వచ్చింది. అద్దం అంతా ఒక్కసారిగా తెల్లబడి, ఒక్క క్షణం అలాగే నిలబడింది. స్టికర్లు పట్టుకున్న చోట రేకులు రేకులుగా వేలాడి, తర్వాత మొత్తం జలజలా రాలిపోయింది.

వెండెల్ మొహం తన పళ్ళని తనే పీకించుకున్నవాడి మొహంలా ఉంది. ఆర్డిత్ తొడుగులు విప్పి, మడిచి ఇచ్చి, "కేకు తినండి, చల్లారిపోతోంది," అంది. ముగ్గురూ నిలబడే తిన్నారు. కేకు బాగుంది.

కొత్త అద్దం వారం రోజులకి వచ్చింది. పెట్టడానికి గంట పట్టింది. రెండు రోజులు తలుపులు గట్టిగా వేయొద్దని, కిటికీ కాస్త దించి ఉంచమని వెండెల్ చెప్పాడు. ఆవిడ బుద్ధిగా తలూపింది. కారెక్కి అద్దంలో వెనక్కి చూసుకుంది. "అమ్మయ్య, రోడ్డు," అంది. మెల్లగా వెళ్ళిపోయింది.

నాలుగు రోజుల తర్వాత కారు మళ్ళీ షాపు ముందు ఆగింది. నీళ్ళు కారుతున్నాయేమోనని వెండెల్ పరుగున బయటికొచ్చాడు.

"నీళ్ళేం లేవు," అంది ఆర్డిత్ కిటికీలోంచి. "అద్దం బాగానే ఉంది. బాగుండటమే ఇబ్బంది. వెనకొచ్చే వాళ్ళంతా ఇంత దగ్గరగా వస్తారని నాకిన్నాళ్ళూ తెలియదు బాబూ. ఒకడు హారన్ కొడతాడు, ఒకడు చేతులూపుతాడు. నిన్న ఒకమ్మాయి నావంక చూసి ఏదో తిట్టింది కూడా, పెదాలు కనపడ్డాయి. అందరూ ఇన్నేళ్ళుగా ఇలాగే తిడుతున్నారా?"

"మీరు ఎంత స్పీడులో పోతారమ్మా?" అని అడిగాడు నెస్టర్ వెనకనుంచి.

"నలభైలో. హైవే మీదైనా అంతే. ఎందుకు?"

నెస్టర్ లోపలికి వెళ్ళి, కారు అద్దాలకి అంటించే నల్ల ఫిల్ము ముక్కలున్న నమూనాల పుస్తకం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆర్డిత్ కళ్ళజోడు సవరించుకుని, ఒక్కొక్క ముక్కా ఎండకి ఎత్తి, దానిలోంచి వెండెల్‌ని చూసింది.

"ఎంత నలుపు కావాలమ్మా?" అన్నాడు వెండెల్.

"కార్లు కనపడాలి. మొహాలు అక్కర్లేదు."