నీళ్ళు కాసిన బావమరిది

మూడు రోజులుగా ఆవు నెమరు వెయ్యడం లేదు. దాని బదులు నేను వేస్తున్నాను, ఎక్కడ తప్పు జరిగిందా అని. మరో పది రోజుల్లో ఈనాల్సిన చూడి ఆవు. ఇప్పుడు మేత మానేస్తే తల్లీ దక్కదు, దూడా దక్కదు. నాకేం పాలుపోవడం లేదు. ఆవు పాలివ్వడం మానేసి ఎటూ రెండు నెలలైంది.

నా కాలు విరిగి కట్టు కట్టారు. పాకలో ఆవు కొయ్యకీ, కిటికీ పక్కన నేను మంచానికీ కట్టుబడి ఉన్నాం. మా ఆవిడ తెల్లవారకముందే పాలకేంద్రంలో పనికి పోతుంది. అందుకని పాక పనంతా సాయానికి వచ్చిన బావమరిదికి నేనే అప్పగించాను. ఇరవై ఏళ్ళుగా గోదాము వాచ్‌మన్. చెప్పిన మాట జవదాటడు.

"పొద్దున ఎండుగడ్డి, సాయంత్రం తవుడు. పడుకునే చోట పొడిగడ్డి పరుచు. నడుం మీద గోనెపట్టా కప్పు. ఈ కొండ మీద చలి ముదిరింది, నీళ్ళు మాత్రం మర్చిపోకుండా కాయి."

"అలాగే బావా."

ఇవాళ పశువుల డాక్టరు వచ్చి ఆవు ఎడమ డొక్క పిడికిలితో నొక్కి చూశాడు.

"రాయిలా ఉంది. ఎండుమేత పోతోంది గానీ నీళ్ళు పోవడం లేదు. కాస్తున్నారా నీళ్ళు?"

"మూడు రోజులుగా కాస్తూనే ఉన్నానండి. అక్కణ్ణుంచి కదిలితే ఒట్టు," అన్నాడు బావమరిది.

"మరి పొయ్యేదీ?"

"పొయ్యెందుకండీ, కర్రుందిగా. మేకలు మూతి పెట్టకుండా, కుక్క దగ్గరికి రాకుండా."

డాక్టరు తొట్టిలో చెయ్యి పెట్టి పళ్ళెమంత మంచుపలక పైకి తీశాడు.

ఇంకొకప్పుడైతే ఆ మాట చెప్పుకుని వారం రోజులు నవ్వేవాణ్ణి. ఇవాళ నవ్వు రాలేదు. డాక్టర్ని వెంటబెట్టుకొచ్చిన మా ఆవిడ కిటికీ దగ్గరికొచ్చింది.

"గడ్డి పెట్టాల్సింది దానికి కాదు, మీ ఇద్దరికీ. అందరి మాటకీ రెండర్థాలు తీస్తారే, మీ మాటకీ రెండోది ఉంటుందని తట్టలేదా?"

డాక్టరు మందు పట్టించి, గోరువెచ్చటి నీళ్ళలో ఉప్పు కలిపి పెట్టమన్నాడు. "సాయంత్రంలోగా నెమరు వెయ్యకపోతే కబురు చెయ్యండి. అప్పుడు దూడ సంగతి నేను చెప్పలేను."

ఆవు ఒక బకెట్టు తాగింది. కాసేపాగి ఇంకోటి. తాగి ఊరుకుంది.

"ఏం చేస్తున్నావు?" కిటికీలోంచి పదోసారి అడిగాను.

"కాస్తున్నా బావా."

"నీళ్ళనా, ఆవునా?"

"పొయ్యి మీద నీళ్ళు. ఇక్కడ ఆవు. రెండూ."

ఎండ పాక గోడ దిగింది. మా ఆవిడ ఫోను చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆవు దవడ ఒక్కసారి పక్కకు జరిగి ఆగింది. మళ్ళీ జరిగింది. ఈసారి ఆగలేదు.

బావమరిది పెదవి మీద వేలు పెట్టి మావైపు చూశాడు. మా ఆవిడ ఫోను పక్కన పెట్టేసింది. నోటిదాకా వచ్చిన రెండర్థాల మాటని నేను మింగేశాను.