స్లాబ్ దావత్

మీరు ఇల్లు కడుతున్నరని తెలిస్తే మంది ముందుగాల ఏమడుగుతరో ఎరికేనా? ఎన్ని అర్రలని అడగరు. బోరుల నీళ్ళు పడ్డయా అని అడగరు. "స్లాబ్ ఎప్పుడు? దావత్‌కు కోసే యాటలు ఎన్ని?" అనడుగుతరు. థూ! ఇల్లు మాది, ఆకలి వాళ్ళది.

నా పేరు సుకన్య. కాశిబుగ్గల ఉంటం. మా ఆయన భానుచందర్‌కు మోటర్లు రిపేరు చేసే షాపున్నది. నేను ఇంట్ల పెండ్లిపిల్లల బ్లౌజులు కుడుత. ఉన్న పెంకుటిల్లు వానాకాలమొస్తే జల్లెడ లెక్క ఉరిసేది. వాన మొదలైతే కుట్టుడు బంద్ చేసి, మిషిను ఈ మూలకెళ్ళి ఆ మూలకు జరుపుడే పని. ఒక యేడు, తెల్లారితే పెండ్లనంగ, పిల్ల పట్టు బ్లౌజు మీద పెంకుల మురికి నీళ్ళు కారినయి. ఆ పిల్ల తల్లి మా వాకిట్ల నిలబడి, వాడకట్టంత వినంగ తిట్టింది. నేను తలకాయ వంచుకొని పడ్డ. తప్పు నాది కాదని ఎవలకు చెప్పుకోను?

అప్పుడనుకున్న, ఉరువని ఇల్లు కావాలె. గంతే. గ్రానైట్ మెట్లు అడగలె, మాడ్రన్ కిచెన్ అడగలె. మిషిను ఒక్క జాగల పెడితే వానకాలమంత అక్కడ్నే ఉండాలె. నేను కట్టిన చిట్టీల పైసలే సగం పెట్టుబడి కాబట్టి గీ మాట అడిగే హక్కు నాకున్నదనుకున్న.

మేస్త్రి కట్టయ్య వచ్చి కూసొని ఇనుము, సిమెంటు, ఇసుక, కూలి అన్ని లెక్కగట్టి చెప్పిండు. నీళ్ళు దిగకుండ స్లాబ్‌ల కలిపే మందు కూడ ఆ లెక్కలనే ఉన్నది. దాని పేరు వినంగనే నా పానం లేచొచ్చింది. మా ఆయన కూడ "అది మాత్రం ఏపియ్యాలె" అన్నడు. ఆ పొద్దు మనిషి మనిషిలెక్కనే ఉన్నడు.

తెల్లారి మా ఆడిబిడ్డ శోభారాణి కేసముద్రం నుంచి ఫోన్ చేసింది.

"తమ్మీ, స్లాబ్‌కు ఎన్ని యాటలు కోస్తాండ్రు?"

"ఒక్కటి సాలదా అక్కా?"

"ఒక్కటా! మీ బావ మార్కెట్ దోస్తులే పదిమంది ఉంటరు. ఆయన ఇజ్జత్ ఏం గావాలె?"

ఆయన ఇజ్జత్! బావంటె సారంగపాణి, కేసముద్రం మార్కెట్‌ల అడ్తి దుకాణం. నేను ఆయనను 'అన్నా' అని పిలుస్త. ఈ ఇంటి అల్లుడు కాబట్టి మాకు పెద్ద దిక్కట. ఆ దిక్కు ఇన్నేండ్లల మా పెంకు మీద ఒక పెంకు పెట్టింది లేదు. ఆయన ఇజ్జత్ మా సిమెంటుల ఎందుకు కలుస్తదో నాకు ఇప్పటికీ సమజ్ గాదు.

ఒక యాట రెండైంది. శోభారాణి వదిన మళ్ళ ఫోన్ చేస్తె రెండు మూడైనయి. సీసాలు వేరే. మరి పైసలు యాడికెళ్ళి రావాలె? నా కుట్టు అర్రల అల్మారి ఎగిరిపోయింది. సరే అన్న. వంటింట్ల సజ్జ ఎగిరిపోయింది. పోనీ అన్న. ఆఖరికి ఒకనాడు అన్నం తినుకుంట మెల్లగ అన్నడు, "సుకన్యా, ఆ స్లాబ్ మందు అంత జరూరేం కాదట. మంచిగ పోస్తే మందు లేకున్న ఉరువదట."

"ఎవలన్నరు?"

"బావ అన్నడు."

వడ్లు, పత్తి అమ్ముకునే మనిషి స్లాబ్‌ల సంగతి చెప్పిండు, ఈయన విన్నడు. నాకు ఒళ్ళు మండింది. కొట్లాడిన, ఏడ్సిన, రెండ్రోజులు మాట్లాడలె. ఏం ఫాయిద? మందు పైసలు యాటలకు బయానా ఇచ్చొచ్చిండు.

మే నెల. ఎండ ముదరకముందే పని గావాలని పొద్దుగాల ఆరింటికే కాంక్రీట్ కలిపే మిషన్ తిప్పుడు షురూ చెయ్యాలన్నడు కట్టయ్య. మొదటి తట్ట ఇంటల్లుడే పొయ్యాలని వదిన ఆర్డరు. ఆరైంది, ఏడైంది, అల్లుడు లేడు. ఫోన్ చేస్తె "బయలెల్లినం, బయలెల్లినం" అనుడే. ఇగ ఆగలేక కొబ్బరికాయ కొట్టి మేమే షురూ చేసినం. పదింటికి సగం స్లాబ్ అయిపోయింది. నా పానం నిమ్మలమైంది.

గప్పుడు దిగిండు మహానుభావుడు, కార్ల, దోస్తులను ఏసుకొని. మిషన్ తిరుగుతాంటె చూసిండు. మొకం మాడ్చుకొని అటుకెళ్ళి అటే మర్లి, గల్లీ మొదట్ల చాయ్ హోటల్‌ల పోయి కూసున్నడు. అలిగిండు! యాభై దాటిన మనిషి, మనుమలను ఎత్తుకున్న మనిషి, తట్ట తన చేత పోపియ్యలేదని అలిగిండు.

మా ఆయన మొకం తెల్లగయింది. "మిషన్ బంద్ చెయ్యుండ్రి!" అని ఒర్రిండు.

కట్టయ్య పైనుంచే అన్నడు, "నడిమిట్ల ఆపొద్దు సారూ. ఈ సగం ఎండకు గట్టిపడ్డంక ఆ సగం పోస్తే రెండు అతుకవు. ఆ సందులకెళ్ళి నీళ్ళు దిగుతయి."

నేను మా ఆయన చెయ్యి పట్టుకున్న. "నువ్వు పోయి ఎంతసేపన్న బతిమిలాడుకో. కాళ్ళు మొక్కుతవా, మొక్కు. మిషన్ మాత్రం ఆపకు. నీకు దండం పెడుత."

"బావ ఎల్లిపోతె జిందగీ అంత మాట పడేది నేను, నువ్వు కాదు" అని చెయ్యి ఇడిపించుకున్నడు.

మిషన్ ఆగింది.

బతిమిలాడుడు ఎంతసేపైందో చెప్పను, చెప్తె మీకూ రోత పుడుతది. ఆఖరికి పెండ్లికొడుకును తోలుకొచ్చినట్టు తోలుకొచ్చిండ్రు. యాటను కోసిండ్రు. ఆయన తట్ట ఎత్తిండు, ఫొటోలు దిగిండు, ఇంకో పక్కకెళ్ళి ఇంకోసారి ఎత్తి మళ్ళ దిగిండు. అయిపోయింది గదా, ఇగ పోస్తరనుకున్న. తట్ట దించి కడుపు మీద చెయ్యి తిప్పుకున్నడు.

"భానూ, నా దోస్తులు పొద్దుగాల సంది ఏం తినలేదు. కూలోళ్ళు మాత్రం మనుషులు గాదా? అందరు తిన్నంక పోద్దురు తియ్."

కూలోళ్ళ మీద ప్రేమ! కట్టయ్య నా దిక్కు చూసి "నేను చెప్పేది చెప్పిన చెల్లె" అన్నడు. కూర వాసన రాంగనే అందరికన్న ముందు చేతులు కడిగింది ఆయనే.

కింద నీడల కూసొని తిన్నరు. బొక్కలు జుర్రి నా ఇసుక కుప్ప మీద ఇసిరిండ్రు. నూనె చేతులు కొత్త దర్వాజకు తుడిసిండ్రు. ఒకడు ఎక్కువ తాగి ఇటుకల మీదనే కక్కిండు, ఇంకొకడు అది చూసి నవ్వుకుంట ఇంకో ముక్క ఏసుకున్నడు. పైన నా స్లాబ్ ఎండకు ఎండుతాంటె కింద నా పైసలు నములుతాండ్రు. ఛీ, తిండి మీద అసహ్యం పుట్టింది నాకు ఆనాడు.

మూడు దాటినంక మళ్ళ మిషన్ తిరిగింది. కట్టయ్య ఆ అతుకు పొంట ఇన్ని సిమెంటు పాలు పోసి "ఫికర్ చెయ్యకు" అన్నడు. చెయ్యొద్దన్నోళ్ళందరు ఎల్లిపోయిండ్రు. ఫికర్ ఒక్కటే నా కాడ మిగిలింది.

తొలి వానకే బయటపడ్డది. హాల్ల ఈ గోడకెళ్ళి నా కుట్టు అర్ర దాక, సరిగ్గ మిషన్ ఆగిన కాడ, పొడుగ్గ తడి గీత. మా ఆయనను పిలిచి చూపెట్టిన.

"ప్లాస్టర్ చేసి రంగు ఏస్తె కనవడదు" అన్నడు.

"కనవడకపోతె ఉరువదా?"

ప్లాస్టర్ అయింది, రంగైంది. గీత కనవడలె.

శ్రావణంల ఇంట్లకు వచ్చినం. వ్రతమైన తెల్లారి మళ్ళ దావత్. శ్రావణమని మా అత్తగారి తరపోళ్ళెవ్వలు నీసు ముట్టరు. దావత్ అంటె మాత్రం ఆ నేమం చెప్పులతోటి పాటు వాకిట్లనే ఇడిసొచ్చిండ్రు. ఆనాడు పొద్దుగాల సంది ముసురు. బయట టెంటు కారుతాందని దగ్గరోళ్ళకు హాల్ల టేబుల్లు ఏసినం. సారంగపాణి అన్నకు కుర్చీ నేనే ఏసిన, సరిగ్గ గీత కింద. అందరు నేను మర్యాద చేస్తాన్న అనుకున్నరు.

ఆయన మూడోసారి కూర ఏయించుకుంటాంటె పడ్డది. టప్. పళ్ళెంల, కూర నడుమ. ఆయన మీదికి చూసిండు. అందరు చూసిండ్రు. తెల్లటి రంగు మీద గీత మెల్లగ నల్లగైతాంది. ఇంకోటి పడ్డది. ఇప్పుడన్న సిగ్గుపడ్తడు, ఒక్క మాట అంటడు అని చూసిన.

పళ్ళెం నాలుగు వేళ్ళంత పక్కకు జరిపిండు. బొక్క తీసి జుర్రిండు. జుర్రినంక అన్నడు, "ఇల్లు మంచిగున్నది గని సుకన్యా, స్లాబ్ ఏసినోడు ఎవడో గని దొంగముండాకొడుకు. ఏం గాదు, పైన ఇంకో అంతస్తు ఏస్తే ఇది ఉరుసుడు బంద్ అయితది. ఆ స్లాబ్ నాడు నేను తెల్లారకముందే వస్త."

కూర బకెట్ పట్టుకొని నిలబడ్డ మా ఆయన తలకాయ ఊపిండు. "నిజమే బావా. మరి దానికి ఎన్ని యాటలు పడతయి?"

నా చెవులతోటి విన్న.

గప్పుడే కుట్టు అర్రలకెళ్ళి చప్పుడు వినవడ్డది. టప్, టప్. నా మిషిను మీద. పక్కనే బస్తాల ఐదుగురు పెండ్లిపిల్లల బట్టలున్నయి. మా ఆయన చేతులకెళ్ళి బకెట్ గుంజుకున్న. సగానికి ఎక్కువ కూరనే ఉన్నది. లోపలికి పోయి, మిషినును మూలకు నూకి, కారే కాడ బకెట్ పెట్టిన. వాన నీళ్ళు కూరల టప్పుటప్పున పడ్డయి.

"అయ్యో, కూర ఖరాబైతాంది!" అని మా ఆయన ఉరికొచ్చిండు. ఆయన ఎనుక వదిన, ఆమె ఎనుక ఎంగిలి చేతులతోటి సారంగపాణి.

"ఖరాబైతాంది, ఖరాబైతాంది!" అని ముగ్గురు ఒక్కటే ఒర్రుడు. స్లాబ్ మిషన్ ఆగిన్నాడు వీళ్ళల్ల ఒక్కలన్న ఆ మాట అనుంటె నాకు సాలుండె.

నేను బస్తా ఎత్తుకొని, ఇంట్ల తడి లేని మూల యాడున్నదో దేవులాడుకుంట పోయిన.